డికెన్స్ దాచిన కథ

ప్రఖ్యాత ఆంగ్ల నవలా రచయిత చార్లెస్ డికెన్స్ 1812 ఫిబ్రవరి 7న ఇంగ్లండులోని పోర్ట్స్‌మత్‌లో జన్మించారు. తండ్రి నౌకాదళ కార్యాలయంలో గుమాస్తా. జీతం వచ్చేది గానీ అప్పులు తీరేవి కావు. 1824లో అప్పు కట్టలేక ఆయన లండన్‌లోని మార్షల్‌సీ జైలు పాలయ్యారు. పన్నెండేళ్ల చార్లెస్ బూట్ పాలిష్ తయారుచేసే చోట పనికి కుదిరాడు. డబ్బాలకు కాగితం కప్పి, దారం కట్టి, లేబుల్ అంటించాలి. కూలి వారానికి ఆరు షిల్లింగులు. తండ్రి విడుదలయ్యాక కూడా అతన్ని ఆ పనిలోనే ఉంచాలని తల్లి అనుకుంది. తండ్రి మాత్రం మాన్పించి బడికి పంపారు.

తర్వాత ఆయన లాయరు దగ్గర గుమాస్తాగా చేశారు. షార్ట్‌హ్యాండ్ నేర్చుకుని పార్లమెంటు విలేకరి అయ్యారు. పాతికేళ్లకే రచయితగా పేరు తెచ్చుకున్నారు. అయినా పాలిష్ డబ్బాల సంగతి కన్నబిడ్డలకు కూడా చెప్పలేదు. 1870 జూన్ 9న ఆయన మరణించిన తర్వాత, మిత్రుడు జాన్ ఫార్‌స్టర్ రాసిన జీవిత చరిత్ర ద్వారానే అది లోకానికి తెలిసింది.

దాచడం బాగా తెలిసిన మనిషి కాబట్టే నవలల్లోనూ పాత్రల గతాన్ని దాచి, సమయం చూసి బయటపెట్టేవారు. 1860-61లో వెలువడిన 'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్' చూడండి. అనాథ పిప్‌కు ఎవరో డబ్బు పంపుతుంటారు. ధనికురాలు మిస్ హావిషామ్ పంపుతోందని అతనూ, అతనితోపాటు మనమూ నమ్ముతాము. దొర అయ్యాక, తనను పెంచిన కమ్మరి బావ జో లండన్ వస్తే పిప్ సిగ్గుపడతాడు. చివరికి తెలుస్తుంది, ఆ డబ్బు చిన్నప్పుడు తాను అన్నం పెట్టిన ఖైదీ మాగ్విచ్ కష్టార్జితమని! మాగ్విచ్ బాల్యమంతా ఆకలేనని కూడా అప్పుడే తెలుస్తుంది. ఆ గతాన్ని మొదటే చెబితే మనం జాలిపడి ఊరుకునేవాళ్లం. ముందు అసహ్యించుకోనిచ్చి తర్వాత చెప్పారు కాబట్టి మన తీర్పుకు మనమే తలదించుకుంటాము.

పి.జి.లో ఈ నవల చదివిన రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఇంటర్ దరఖాస్తులో తండ్రి వృత్తి దగ్గర కూలి అని రాయలేక వ్యవసాయం అని రాశాము. ఒకసారి నాన్న భుజాన తువ్వాలుతో హాస్టల్ గేటు దగ్గరకు వస్తే, మా ఊరాయన అని స్నేహితులతో చెప్పాము. మా ఇంట్లో మొదటి డిగ్రీ ఆయన కూలి డబ్బులతోనే వచ్చింది.

తమ్ముళ్లారా, మీ కథ మీరు దాచకండి. ఈ వార్షికోత్సవానికి నాన్నను తీసుకొస్తున్నాము. ఈసారి ఎవరని అడిగితే సరిగ్గా చెబుతాము.