జాకిర్ హుస్సేన్ సాహెబ్ కుటుంబం చూసిన 1947

డాక్టర్ జాకిర్ హుస్సేన్ సాహెబ్ అనగానే మనకు రాష్ట్రపతి భవనం, తెల్లని గడ్డం, షేర్వాణీ గుర్తుకొస్తాయి. దేశం రెండు ముక్కలైన ఏడాది ఆయన, ఆయన ఇంటివాళ్ళు ఎట్లా గడిపారో మన పిల్లలకు అంతగా తెలియదు. అందుకే ఈసారి సంచికలో ఆ సంగతి రాయదలిచాము.

ఆయన పుట్టింది మన హైదరాబాదులోనే, 1897 ఫిబ్రవరి 8న. తండ్రి ఫిదా హుస్సేన్ ఖాన్ సాహెబ్ ఉత్తరాదిలోని ఖాయంగంజ్ నుంచి వచ్చి ఇక్కడ వకీలుగా మంచి పేరు సంపాదించారు. 1907లో ఆయన కన్నుమూశారు. తల్లి నాజ్‌నీన్ బేగం పిల్లలతో ఖాయంగంజ్ వెళ్ళిపోయారు. 1911లో అక్కడ ప్లేగు వచ్చి ఆమెనూ తీసుకుపోయింది. అప్పటికి జాకిర్ ఇటావాలో బడిలో చదువుతున్న పిల్లవాడు. చావు ఆ ఇంటికి కొత్త కాదని చెప్పడానికే ఇది రాశాము.

1920లో పుట్టిన జామియా మిల్లియాకు ఆయన 1926లో, అంటే 29 ఏళ్ళ వయసులో, వైస్ ఛాన్సలర్ అయ్యారు. నెలకు 150 రూపాయలకు మించి తీసుకోకుండా 20 ఏళ్ళు పనిచేస్తామని అక్కడి అధ్యాపకులు మాట ఇచ్చుకున్నారు. ఆ మాట నిలబెట్టుకోవడంలో ఇంట్లో పొదుపు భారమంతా మోసింది బేగం షాజహాన్ సాహెబా. ఆమె సంగతి ఎవరూ రాయరు గదా!

1946 నవంబరులో జామియా రజతోత్సవం. ఒకే వేదిక మీద నెహ్రూ, ఆజాద్, జిన్నా, లియాఖత్ అలీ. పెద్దలందరినీ ఈ మంట ఆర్పమని జాకిర్ సాహెబ్ చేతులు జోడించినంత పని చేశారు. మంట ఆరలేదు.

1947 ఆగస్టులో ఆయన విశ్రాంతి కోసం కాశ్మీర్ బయలుదేరారు. జలంధర్ స్టేషన్‌లో అల్లరి మూకలు రైలును చుట్టుముట్టాయి. ప్రాణం పోవలసిందే. ఒక సిక్కు సైనికాధికారి, ఒక హిందూ రైల్వే ఉద్యోగి అడ్డుపడి కాపాడారు. ఎట్లాగో ఢిల్లీ తిరిగొచ్చారు.

వచ్చి చూస్తే ఢిల్లీ కూడా అంటుకుంది. సెప్టెంబరులో కరోల్ బాగ్‌లోని జామియా పుస్తకాల దుకాణం కాలిపోయింది. ఓఖ్లాలో ఆడవాళ్ళూ పిల్లలూ బిక్కుబిక్కుమంటూ ఉండగా చుట్టుపక్కల ఊళ్ళ మంటలు రాత్రిపూట కనిపించేవి. ఆ ఊళ్ళ నుంచి కట్టుబట్టలతో వచ్చినవాళ్ళు జామియాలోనే తలదాచుకున్నారు. నెహ్రూ వచ్చి చూశారు, సైనికుల కాపలా పెట్టారు. గాంధీజీ కూడా వచ్చి ఆ జనం మధ్య కూర్చుని ధైర్యం చెప్పిపోయారు. కాస్త తెరిపి దొరకగానే జామియా వాళ్ళు పురానా ఖిలా, హుమాయూన్ సమాధి దగ్గరి శిబిరాలకు సేవ చేయడానికి వెళ్ళారు. తమ ఇంటికే దిక్కులేని రోజుల్లో పరాయి పిల్లలకు పలకా బలపం అందించాలన్న ఆలోచన ఎందరికి వస్తుంది?

ఇల్లు మాత్రం చీలింది. తమ్ముడు మహమూద్ హుస్సేన్ పాకిస్తాన్ వెళ్ళి అక్కడ మంత్రి అయ్యారు. ఇంకో తమ్ముడు యూసుఫ్ హుస్సేన్ మన ఉస్మానియాలో చరిత్ర చెబుతూ ఇక్కడే ఉన్నారు. 1948లో హైదరాబాదు ఏం చూసిందో మన ఇళ్ళల్లో పెద్దలకు తెలుసు. చాలామంది నోరు విప్పకుండానే పోయారు. జాకిర్ సాహెబ్ కూడా జలంధర్ సంగతి అడిగితేనే తప్ప చెప్పేవారు కాదట.

ఆ 1948లోనే ఆయనను అలీగఢ్ విశ్వవిద్యాలయానికి పంపారు. అనుమానాల మధ్య, ఆచార్యులూ విద్యార్థులూ ఎందరో వలసపోయిన వేళ దాన్ని నిలబెట్టడం రాష్ట్రపతి పదవి కంటే కష్టమైన పని అని మా అభిప్రాయం. తర్వాత బీహారు గవర్నరు, 1962లో ఉపరాష్ట్రపతి, 1967లో రాష్ట్రపతి. ఇవన్నీ పాఠ్యపుస్తకాల్లో ఉన్నవే.

1969 మే 3న రాష్ట్రపతి భవనంలోనే కన్నుమూశారు. ఓఖ్లాలో, ఒకనాడు దిక్కులేని జనం తలదాచుకున్న జామియా నేలలోనే ఖననం చేశారు. బేగం సాహెబా కూడా ఆయన పక్కనే ఉన్నారు. తమ్ముడు మహమూద్ సాహెబ్ 1975లో కరాచీలో పోయారు.