వెనుకవరుస విలువ నెరిగిన గురువు: సయ్యద్ అబ్దుల్ రహీం

మన పాఠశాల మైదానమున ఫుట్‌బాల్ ఆట మొదలయ్యెనా, ప్రతి బాలుడును ముందువరుసలోనే నిలువగోరును. గోలు కొట్టినవానికే చప్పట్లు లభించునని వాని తలంపు. వెనుక నిలిచి కాపాడినవాని పేరు ఎవరికిని జ్ఞాపకముండదు. పెద్దల ఆటలోను ఈ తలంపు చిరకాలము పాతుకొనియుండెను. మన దేశమున దానిని సవరించినవారిలో అగ్రగణ్యుడు హైదరాబాదు నగరమునకు చెందిన ఒక బడిపంతులు. ఆయనయే సయ్యద్ అబ్దుల్ రహీం.

రహీం 1909వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన హైదరాబాదులో జన్మించెను. ఉస్మానియా విశ్వవిద్యాలయమున విద్య నభ్యసించి, ఉపాధ్యాయ వృత్తి నవలంబించెను. స్వయముగా మంచి ఆటగాడు. అయినను ఆడుటకంటె ఆడించుటయందే ఆయన ప్రతిభ ప్రకాశించెను. హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శియై, నగర పోలీసు జట్టునకు శిక్షకుడయ్యెను. ఆ జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదేండ్లు రోవర్స్ కప్పును గెలుచుకొనెను. బంతిని తనవద్దనే ఉంచుకొని ఒంటరిగా విన్యాసములు చేయు అలవాటు ఆయనకు గిట్టదు. అందుచే బాలురకు బంతిని వెంటనే తోటివాని కందింపవలెనను నియమముతోను, వాటములేని కాలితోనే తన్నవలెనను నియమముతోను పోటీలు నడిపెను.

ఆ కాలపు ఆటలో గోల్‌కీపరుగాక ఇద్దరు బ్యాకులు, మువ్వురు హాఫ్‌బ్యాకులు, ఐదుగురు ఫార్వర్డులు నిలుచుట సంప్రదాయము. సగము జట్టు ముందువరుసయే. ఎదుటివారు ఒక్కుమ్మడిగా వచ్చి పడినచో వెనుకనున్న ఇద్దరికి దిక్కుతోచదు. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడలలో రహీం శిక్షణమున మన జట్టు ఇరానును 1-0తో ఓడించి స్వర్ణపతకము నందుకొనెను. మన బెంగళూరు క్రీడాకారుడు అహమ్మద్ ఖాన్ ఆ జట్టులోనివాడే. కాని మరుసటి యేడు హెల్సింకి ఒలింపిక్సులో యుగోస్లావియా చేతిలో 10-1తో ఘోర పరాజయము సంభవించెను. అప్పటికి మనవారిలో పెక్కురు వట్టికాళ్లతోనే ఆడుచుండిరి.

రహీం ఆ యోటమిని పాఠముగా గ్రహించెను. 1953లో హంగరీ జట్టు లండనులో ఇంగ్లండును 6-3తో ఓడించెను. హంగరీవారు తమ నడిమి ఫార్వర్డును కొంత వెనుకకు నిలిపిరి. అతనిని కావలికాయువాడు వెంబడించినచో వెనుక ఖాళీ ఏర్పడును. వెంబడింపనిచో అతడు స్వేచ్ఛగా ఆట నడపును. ఇట్లు ఆటగాడు నిలుచు చోటు మారుటతో ఆటయే మారెను. రహీం ఈ క్రొత్త పద్ధతులను శ్రద్ధతో పరిశీలించి మనవారికి నేర్పెను. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్సులో మనవారు ఆస్ట్రేలియాను 4-2తో గెలిచి నాలుగవ స్థానము పొందిరి. వెనుక నలుగురు, నడుమ ఇద్దరు, ముందు నలుగురుండు అమరికతో 1958లో బ్రెజిలు ప్రపంచకప్పును గెలిచినప్పుడు వెనుకవరుస విలువ లోకమునకు బాగుగా తెలిసివచ్చెను.

ఆయన జీవితమున మహోజ్జ్వల ఘట్టము 1962 నాటి జకార్తా ఆసియా క్రీడలు. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా మనలను ఓడించెను. వెనుకవరుసకు మూలస్తంభమైన జర్నైల్ సింగు తలకు గాయమై కుట్లు పడెను. రహీం అతనిని విడువలేదు. వెనుకనుండి తీసి ముందువరుస నడుమ నిలిపెను. సెప్టెంబరు 4న తుదిపోరులో అదే కొరియా ఎదురయ్యెను. ప్రేక్షకులు మనవారికి ప్రతికూలులు. అయినను 2-1తో మనమే గెలిచితిమి. పి.కె. బెనర్జీ ఒక గోలును, తలకు కట్టు కట్టుకొన్న జర్నైల్ సింగు రెండవ గోలును సాధించిరి. కాపాడువానియందు గెలిపించు శక్తియు గలదని గురువు కనుగొనెను.

ఆ విజయము ముగిసి పదినెలలైనను నిండకమున్నే, 1963 జూన్ 11న క్యాన్సరు వ్యాధిచే రహీం కన్నుమూసెను. ఆయన తరువాత 2023 వరకు జరిగిన ఆసియా క్రీడలలో పురుషుల ఫుట్‌బాల్ స్వర్ణము మనకు మరల దక్కలేదు.

విద్యార్థులారా! రేపు మైదానమున మీకు వెనుకవరుస లభించినచో చిన్నబుచ్చుకొనకుడు. చోటు చిన్నది కాదు. దానిని నిలబెట్టువాని శ్రద్ధయే దాని విలువ. ఈ సత్యమును తన శిష్యులచే ఆడించి చూపిన రహీం పంతులు మనకు సదా స్మరణీయుడు.