డిచ్‌పల్లి డాక్టరమ్మ

ఇసబెల్ కెర్ 1875లో స్కాట్లండులో జన్మించారు. 1903లో అబర్డీనులో వైద్యపట్టం పొంది, 1907లో భర్త జార్జి కెర్‌తో నిజాము రాష్ట్రానికి వచ్చారు.

తాడ్వాయి, కామారెడ్డి ప్రాంతాలు 2016 దాకా చేరివున్న నిజామాబాదు జిల్లాలో ఆనాడు కుష్ఠరోగి ఊరికీ ఇంటికీ పరాయివాడే. దేహబాధకు మించినది ఆ మనోవ్యథ. దానిని తీర్చడం ఒంటిచేతి పని కాదు. రాజా నర్సాగౌడు ధనమిచ్చారు; మతబోధకుడైన భర్త నిర్వహణ భారం పంచుకొన్నారు. 1915లో డిచ్‌పల్లి ఆస్పత్రి వెలసింది. కలకత్తాలో డాక్టరు మ్యూరు మెరుగుపరచిన నూనె సూదిమందు చికిత్స ఇక్కడి రోగులకూ అందింది.

1923లో ఆమెకు కైజర్-ఇ-హింద్ పతకం లభించింది. 1932లో కన్నుమూశారు. వెలివేయబడిన మనిషిని నిలబెట్టడానికి వైద్యవిద్యతోపాటు నలుగురి తోడూ కావాలని ఆమె జీవితం చాటుతున్నది.