అయ్యగారి సాంబశివరావు

అయ్యగారి సాంబశివరావు (సెప్టెంబరు 20, 1914 - అక్టోబరు 31, 2003) సుప్రసిద్ధ భారతీయ శాస్త్రవేత్త. హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్ (ఇ.సి.ఐ.ఎల్.) సంస్థకు వ్యవస్థాపకుడు. ఎ.ఎస్.రావు అనే పేరుతో ప్రసిద్ధుడు. గణన యంత్రాల కోసం దేశం ప్రధానంగా దిగుమతులపై ఆధారపడిన రోజులలో, వాటిని స్వదేశంలోనే తయారుచేసి విక్రయించవచ్చునని నిరూపించిన సంస్థకు ఇతడు సారథ్యం వహించాడు.

బాల్యము, విద్యాభ్యాసము

సాంబశివరావు పశ్చిమ గోదావరి జిల్లాలోని మోగల్లు గ్రామంలో జన్మించాడు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్సీ. పూర్తిచేసి, కొంతకాలం అక్కడే అధ్యాపకుడుగా పనిచేశాడు. తరువాత టాటా ఉపకారవేతనంతో అమెరికా వెళ్ళి, 1947లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నుండి ఇంజనీరింగులో మాస్టర్స్ పట్టా పొందాడు. స్వదేశానికి తిరిగివచ్చి, బొంబాయిలో హోమీ భాభా నెలకొల్పిన టాటా మౌలిక పరిశోధనా సంస్థలో చేరాడు.

పరిశోధనలు

అత్యున్నత ప్రదేశాలలో విశ్వకిరణాలను పరిశీలించడానికి అవసరమైన పరికరాలను రూపొందించడం ఇతని తొలి కృషి. కిరణాలలోని కణం గైగర్ గొట్టంలో ప్రవేశించినప్పుడల్లా ఒక విద్యుత్ స్పందన పుడుతుంది. ఈ స్పందనలు యాంత్రిక మీటరు అందుకోలేనంత వేగంగా రావచ్చు. అందువలన ప్రతి రెండు స్పందనలకు ఒక్కటి మాత్రమే ముందుకు పంపే సర్క్యూట్లను వరుసగా కలుపుతారు. అటువంటివి పది కలిపితే 1024 స్పందనలకు ఒక్కటి వెలువడుతుంది. రెండు స్థితులలో ఏదో ఒకదానిలో నిలిచే ఈ సర్క్యూటే ఎలక్ట్రానిక్ కాలిక్యులేటరుకు, కంప్యూటరుకు కూడా మూలాధారం. ఆ విధంగా అణుశాస్త్ర పరికరాల తయారీలో గడించిన అనుభవం గణన యంత్రాల తయారీకి బాట వేసింది.

ఆసియాలో తొలి అణు రియాక్టర్లలో ఒకటైన అప్సర 1956 ఆగష్టు 4న ట్రాంబేలో పనిచేయడం ప్రారంభించింది. దానికి ఇంధనం బ్రిటను నుండి వచ్చినా, నియంత్రణ వ్యవస్థను సాంబశివరావు నాయకత్వంలోని బృందమే నిర్మించింది.

ఇ.సి.ఐ.ఎల్. స్థాపన

దేశంలో ఎలక్ట్రానిక్స్ అభివృద్ధికి ప్రణాళిక సూచించడానికి 1963లో భాభా అధ్యక్షతన కమిటీ ఏర్పడింది. సూరి భగవంతం, విక్రం సారాభాయ్‌లతో పాటు సాంబశివరావు అందులో సభ్యుడు. 1966 జనవరిలో భాభా విమాన ప్రమాదంలో మరణించాడు. మరుసటి సంవత్సరం, 1967 ఏప్రిల్ 11న, హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. ప్రారంభమైంది. సాంబశివరావు దాని మేనేజింగ్ డైరెక్టరుగా బాధ్యతలు చేపట్టాడు.

గణన యంత్రాలు

టాటా సంస్థలో నిర్మితమై 1960లో వాడుకలోకి వచ్చిన టిఫ్రాక్ కంప్యూటరు ఒక్కటే తయారైంది. అది పరిశోధనలకు పరిమితం. ట్రాంబేలో రూపొందిన టి.డి.సి.-12 కంప్యూటరును ఇ.సి.ఐ.ఎల్. 1969లో ఉత్పత్తి చేసి, ఆ కొరతను తీర్చింది. 12 బిట్ల ఈ యంత్రంలో సమాచారాన్ని చిన్న అయస్కాంత వలయాలలో నిలువచేసేవారు. దీని తరువాత టి.డి.సి.-312, 16 బిట్ల టి.డి.సి.-316 వెలువడ్డాయి.

ఇంతలో ప్రపంచ పరిస్థితి మారింది. జపానుకు చెందిన బిజీకాం కాలిక్యులేటరు కోసం తయారైన ఇంటెల్ 4004 మైక్రోప్రాసెసరు 1971లో మార్కెట్టులోకి వచ్చింది. అరచేతిలో ఇమిడే కాలిక్యులేటర్లు వ్యాపించాయి. ఇ.సి.ఐ.ఎల్. 1978లో మైక్రోప్రాసెసరు ఆధారిత మైక్రో-78ను విడుదల చేసింది.

కంప్యూటర్ల తయారీ చాలాకాలం ఒకే ప్రభుత్వ సంస్థ చేతిలో ఉండటం వలన కొత్త సాంకేతికత ఆలస్యమైనదన్న విమర్శ కూడా ఉన్నది. కాలిక్యులేటర్లతో వ్యాపారం ప్రారంభించిన డి.సి.ఎం. డేటా ప్రొడక్ట్స్, హెచ్.సి.ఎల్. వంటి ప్రైవేటు సంస్థలు 1970ల చివరి నాటికి ఈ రంగంలో పోటీకి వచ్చాయి. అయితే అప్పటికే విడిభాగం మొదలు పూర్తి యంత్రం వరకు విప్పి చూసి, అర్థం చేసుకుని, తిరిగి నిర్మించగల ఇంజనీర్ల తరం దేశంలో తయారయింది. ఇ.సి.ఐ.ఎల్. ఇచ్చిన ముఖ్య ఫలితం అదే.

పురస్కారములు

* 1960 - పద్మశ్రీ
* 1965 - శాంతి స్వరూప్ భట్నాగర్ బహుమతి
* 1972 - పద్మభూషణ్

స్మృతి చిహ్నము

హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. పరిసరాలలో వెలసిన కాలనీకి ఇతని పేరుమీదుగా డాక్టర్ ఎ.ఎస్.రావు నగర్ అని పేరు పెట్టారు.