హష్మత్ జంగ్ కోఠీ

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతముల విద్యార్థులలో పాత పుస్తకముల కొరకు హైదరాబాదు కోఠీకి పోనివారు అరుదు. ఆ పేటకు ఆ పేరు తెచ్చిన భవనమును కట్టించినవాని చరిత్ర మాత్రము చాలమందికి తెలియదు. అందుచే జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ జీవితమును ఇచట సంగ్రహముగా మనవి చేయుచున్నాము.

ఈయన 1764లో మద్రాసున జన్మించెను. కంపెనీ సైన్యమున చేరి, 1797లో తన సోదరుడు విలియం స్థానమున నిజాము కొలువులో రెసిడెంటు పనులు చేపట్టెను. పారసీకమున దిట్ట. 1798 అక్టోబరులో నిజాము కొలువులోని ఫ్రెంచి దళమును నిరాయుధము గావించుటలో ప్రధాన పాత్ర వహించెను. నిజామాయనకు హష్మత్ జంగ్ అను బిరుదము నొసగెను. 1800 నాటి సంధితో బళ్లారి, అనంతపురము, కడప సీమలు కంపెనీ పాలైనవి. ఆ సంధిని కుదిర్చినదీ ఈయనయే. హైదరాబాదును ప్రేమించిన దొర యని ఆయనను కొనియాడువారు ఈ సంతకమును మరువరాదని మా అభిప్రాయము.

ప్రేమించిన మాటయు నిజమే. నగరపు ఉన్నత వంశమునకు చెందిన ఖైరున్నీసా బేగమును ఇస్లాము పద్ధతిని నిఖా చేసికొనెను. ఈ విషయమై కంపెనీ ప్రభుత్వము విచారణ జరిపించినను పదవి నిలిచినది.

కొత్త రెసిడెన్సీకై స్థలము కోరుచు ఆయన పెద్ద కాగితముపై పటము గీయించి నిజాము అలీఖాన్‌కు చూపగా, ప్రభువు ససేమిరా యనెనట. ఆ పటము తన రాజ్యపటమంత యుండుటయే అందులకు కారణమని మీర్ ఆలం తెలిపెను. కిర్క్‌పాట్రిక్ అదే పటమును చిన్న చీటీపై గీయించి తెచ్చెను, అనుమతి లభించెను! జాన్ మాల్కం ఈ కథను వ్రాసియుంచెను. కాగితము తగ్గినది గాని స్థలము తగ్గలేదు. వృద్ధ ప్రభువు భయము అకారణమని మేమనజాలము.

మద్రాసు ఇంజనీరు శామ్యూల్ రస్సెల్ 1803 ప్రాంతమున పని ఆరంభించెను. ముంగిట ఆరు కొరింథియన్ స్తంభములు, మెట్లకిరువైపుల సింహములు, లోపల రెండంతస్తుల ఎత్తున దర్బారు హాలు, చుట్టును స్తంభముల వరుసలు, పై వసారాలు, దీపగుచ్ఛములు. యవన, రోమక దేవాలయముల నమూనాను హైదరాబాదు మేస్త్రీలు ఇటుక సున్నములతో నిలబెట్టిరి. నాటి కంపెనీ ఈ విధముగా తన బలమును ప్రకటించుకొనెను. వెనుక తోటలో బేగము కొరకు రంగమహలు వెలసెను. పరదాలో నుండు ఆమె చూచుటకై కోఠీ యొక్క చిన్న నమూనాను కట్టించెనని ప్రతీతి.

1805లో ఇరువురు పిల్లలను ఇంగ్లండుకు పంపెను. తల్లి మరల వారిని చూడలేదు. కోఠీ పని ముగియకమునుపే, అదే సంవత్సరము అక్టోబరు 15న, ఆయన కలకత్తాలో మరణించెను. బేగము కొంతకాలము మచిలీపట్నమున ప్రవాసము గడపి 1813లో కన్నుమూసెను. రంగమహలును 1860లో పడగొట్టిరి.

1857 జూలై 17న తుర్రెబాజ్‌ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ ఈ కోఠీపైననే దండెత్తిరి. 1949లో మహిళా కళాశాల ఇందులోనికి వచ్చెను. 2022లో అది విశ్వవిద్యాలయమై, 2024లో మన జనగామ జిల్లా పాలకుర్తి చాకలి ఐలమ్మ పేరు దాల్చెను.