తల్లి పట్టుదల, కొడుకు పట్టిక

రాగి చెంబు తోమితే తళతళలాడుతుంది. అల్యూమినియం గిన్నె పొయ్యిమీద పెట్టగానే వేడెక్కుతుంది. కంసాలి బంగారాన్ని రేకులా సాగగొడతాడు, తీగలా లాగుతాడు. అదే గంధకం ముక్కనో బొగ్గునో సుత్తితో కొడితే పొడిపొడి అయిపోతుంది. లోహాలకీ అలోహాలకీ ఉన్న ఈ తేడాలు మనం రోజూ చూసేవే. వీటన్నిటికీ ఒక వరస ఉందని 1869లో పట్టిక వేసి చూపించినవాడు రష్యా శాస్త్రవేత్త దిమిత్రీ మెండలీఫ్. ఆయన్ని ఆ పట్టికదాకా నడిపించింది ఒక తల్లి.

1834లో సైబీరియాలోని తొబోల్స్క్‌లో పుట్టాడాయన. ఇంట్లో ఆఖరివాడు. ఆ ఏడే తండ్రికి చూపు పోయింది, హైస్కూలు ఉద్యోగమూ పోయింది. ఇంటినిండా పిల్లలు. తల్లి మారియా దిగులుపడుతూ కూర్చోలేదు. పుట్టింటివారి గాజు కార్ఖానాని తనే నడపడం మొదలుపెట్టింది. 1847లో భర్త పోయాడు. మరుసటేడు కార్ఖానా కాలిపోయింది.

ఇంకొకరైతే కొడుకుని ఏదో చిన్న పనిలో పెట్టేసేవారేమో! యాభై దాటిన మారియా మాత్రం 1849లో వాడినీ, కూతురు లీజానీ వెంటబెట్టుకుని రెండువేల కిలోమీటర్లకు పైగా ప్రయాణంచేసి మాస్కో చేరింది. అక్కడి యూనివర్సిటీ చేర్చుకోలేదు. పీటర్స్‌బర్గ్ వెళ్లింది. 1850లో, భర్త చదువుకున్న ఉపాధ్యాయ శిక్షణ సంస్థలోనే కొడుక్కి సీటు దొరికింది. ఆ ఏడే ఆవిడ కన్నుమూసింది.

అప్పటికి తెలిసిన మూలకాలు 63. మెండలీఫ్ వాటిని పరమాణుభారం ప్రకారం పేర్చుకుంటూ పోతే గుణాలు మళ్లీమళ్లీ తిరిగొచ్చాయి. సోడియం, మెగ్నీషియం, అల్యూమినియం లోహాలు. తర్వాతి సిలికాన్ అటూ ఇటూ కానిది. ఆపైన భాస్వరం, గంధకం, క్లోరిన్ అలోహాలు. పొటాషియం దగ్గర కొత్త వరస మొదలు. అదీ సోడియంలాగే కత్తితో కోయగలిగేంత మెత్తన, నీళ్లు తగిలితే చిటపటలాడుతుంది.

వరస కుదరనిచోట ఆయన ఖాళీ వదిలేశాడు. అక్కడికి రావలసినవాటికి మన సంస్కృతంలోని 'ఏక' చేర్చి పేర్లూ పెట్టాడు. ఏక అల్యూమినియం అన్నది 1875లో ఫ్రాన్సులో దొరికింది. అదే గాలియం. దాని సాంద్రత 4.7 అని కనిపెట్టినాయన లెక్క కట్టాడు. కాదు, 5.9 దాకా ఉండాలన్నాడు, ఆ లోహాన్ని కంటితోనైనా చూడని మెండలీఫ్. శుద్ధిచేసి మళ్లీ తూస్తే 5.9 వచ్చింది! ముప్ఫై డిగ్రీల లోపే కరిగే లోహమది. మన ఎండాకాలంలో అలమరలో పెట్టినా నీరైపోతుంది. 1886లో దొరికిన జెర్మేనియం ఏక సిలికాన్ గడిలో కూర్చుంది.

1887లో ద్రావణాలమీద రాసిన పుస్తకాన్ని ఆయన తల్లికి అంకితమిచ్చాడు. కార్ఖానా నడిపి తనని పెంచిందనీ, తనని చదువుకి అప్పగించడానికి ఉన్న డబ్బూ, ఓపికా అంతా ఖర్చుపెట్టేసిందనీ తలుచుకున్నాడు. 1907లో ఆయన పోయాడు. 1955లో తయారైన 101వ మూలకానికి ఆయన పేరే పెట్టారు.

మీ పిల్లలు ఆవర్తన పట్టిక బట్టీపడుతూ విసుక్కుంటే, పక్కన కూర్చుని మారియా కథ కూడా చెప్పండి.