తిరుత్తణి విద్యార్థి – సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు

కొండమీది సుబ్రహ్మణ్యస్వామి వలన ప్రసిద్ధిగన్న తిరుత్తణికి మఱియొక కీర్తియు కలదు. 1888 సెప్టెంబరు 5వ తేదీన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ఆ ప్రాంతముననే జన్మించిరి. నాడది ఉత్తర ఆర్కాటు జిల్లాలోనిది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడగా అందులో చేరెను. 1960 ఏప్రిల్ 1వ తేదీన సరిహద్దుల మార్పుతో మద్రాసు రాష్ట్రమున కలిసెను. నేడది తిరువళ్ళూరు జిల్లాలో నున్నది. ఎల్లలు ఎన్ని మారులు మారినను ఆ బిడ్డ మావాడేయని తెలుగువారును తమిళులును చెప్పుకొనుట మానలేదు.

వారి తండ్రి వీరాస్వామిగారు జమీందారీలో చిన్న రెవెన్యూ ఉద్యోగి, తల్లి సీతమ్మగారు. నెల్లూరు సీమలోని సర్వేపల్లి గ్రామము వారి ఇంటిపేరైనది. కలిమి కొద్ది; చదువుపై ఆశ పెద్ది. తిరుత్తణిలో ఓనమాలు దిద్దిన బాలుడు తిరుపతి మిషను పాఠశాలలోను, వేలూరులోను చదివి, మద్రాసు క్రైస్తవ కళాశాలలో ఎం.ఏ. పట్టము పొందెను. ఆ దారి పొడవునను ఆదుకొన్నవి విద్యార్థి వేతనములే. తత్త్వశాస్త్రమును ఎన్నుకొనుటకు సయితము ఒక బంధువు తాను చదివిన పుస్తకములను ఇచ్చుటయే కారణమయ్యెను.

ఇచ్చట మనమొక క్షణ మాగవలెను. 1901 జనాభా లెక్కలలో మన దేశపు స్త్రీలలో చదువ వ్రాయ నేర్చినవారు నూటికి ఒక్కరైనను లేరు. తెలివిగల పేద బాలునికి తెఱచుకొన్న తలుపు, అంతే తెలివిగల బాలికకు తెఱచుకొనలేదు. బాల్యవివాహములు ఆచారమైన ఆ దినములలో ఆయనకును చిన్ననాటనే శివకామమ్మగారితో పెండ్లియయ్యెను. ఆ దంపతులకు ఐదుగురు కుమార్తెలును, ఒక కుమారుడును కలిగిరి.

1909లో మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో అధ్యాపకులుగా చేరి, 1918లో మైసూరునకును, 1921లో కలకత్తాకును వెళ్ళిరి. 1923లో వెలువడిన వారి భారతీయ తత్త్వశాస్త్ర చరిత్ర మొదటి సంపుటమున జైన దర్శనమునకు ప్రత్యేకముగ నొక ప్రకరణము కేటాయించిరని మన పాఠకులు సంతోషింతురు.

1931లో ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులైరి. సంస్థకు ప్రాణము గోడలు కావు, గురువులని ఎఱిగినవారగుటచే, ప్రాంతము, మతము చూడక యోగ్యులను పిలిపించిరి. హుమాయూన్ కబీరు, హీరేన్ ముఖర్జీ వంటి యువకులు వాల్తేరున బోధించిరి. 1939 నుండి 1948 వఱకు కాశీ హిందూ విశ్వవిద్యాలయ భారమును వహించిరి. 1942 ఉద్యమకాలమున ఆ సంస్థ మూతపడు ప్రమాదము రాగా వైస్రాయి వఱకును వెళ్ళి దానిని నిలిపిరి. పెద్దగా నుండుటయనగా పీఠముపై కూర్చుండుట కాదనియు, తన నీడనున్నవారికి అడ్డు నిలుచుట యనియు ఈ రెండు కొలువులును తెలుపుచున్నవి.

1948లో ప్రభుత్వము నియమించిన విశ్వవిద్యాలయ విద్యా సంఘమునకు వారే అధ్యక్షులు. 1949లో ఇచ్చిన నివేదికలో, స్త్రీలు చదువనిచో జాతి చదివినట్లు కాదనియు, పురుషులకో స్త్రీలకో ఒక్కరికే చదువు చెప్పగలిగిన పక్షమున స్త్రీలకే చెప్పవలెననియు, అపుడది తప్పక బిడ్డలకు సంక్రమించుననియు ఆ సంఘము తేల్చెను. సమానమైన పనికి ఉపాధ్యాయినులకు సమాన వేతనము ఈయవలెననియు కోరెను. అయితే బాలికల చదువును గృహనిర్వహణముతో ముడిపెట్టిన భాగములును అందు కలవు. ఆ మేరకది తన కాలమును దాటలేదు. ఉన్నత పాఠశాల విద్యయే అన్నిటికంటె బలహీనమైన లంకెయనియు ఆ నివేదిక హెచ్చరించెను. ఆ సంఘ సభ్యులైన ఆర్కాటు లక్ష్మణస్వామి మొదలియారుగారి అధ్యక్షతననే 1952లో సెకండరీ విద్యా సంఘము ఏర్పడి, పాఠశాల మంచిచెడ్డలకు ప్రధానోపాధ్యాయుడే మూలమని గుర్తించెను. 1958లో దుర్గాబాయి దేశముఖ్ గారి అధ్యక్షతను స్త్రీవిద్యకే వేఱుగ నొక జాతీయ సంఘము వెలసెను.

1952లో ఉపరాష్ట్రపతియై, 1962లో రాష్ట్రపతియైరి. ఆ యేటి నుండియే వారి జన్మదినము ఉపాధ్యాయ దినోత్సవమైనది. 1975 ఏప్రిల్ 17వ తేదీన మద్రాసులో కీర్తిశేషులైరి.

ఏటేట సెప్టెంబరు 5న ప్రతి బడిలోను వారి పటమునకు పూలమాల వేయుదుము. మాల వేసిన చేతితోనే ప్రధానోపాధ్యాయులు హాజరుపట్టీని తెఱచి చూతురుగాక. ఏ బాలిక పేరు ఎదుట సున్నలు వరుసగా పడినవో కనుగొని, ఆ యింటి గుమ్మము త్రొక్కి, పెండ్లి మాటలా, చంటిబిడ్డల కావలియా, దారి భయమా యని కనుగొందురుగాక. వచ్చుచున్న పిల్ల నిజముగా చదువగలుగుచున్నదా యని ప్రక్కన కూర్చుండి విందురుగాక. తిరుత్తణి బాలునికి ఆనాడెవ్వరో తలుపు తీసిరి. ఆ తలుపును అతని చెల్లెండ్రకును తీయుటయే ఆయనకు మనము చెల్లింపవలసిన గురుదక్షిణ.